తొమ్మిదో రోజా, సగం సూదులు

ఫిబ్రవరి 11, బుధవారం

ఈ డైరీ చరిత్ర కోసం. ముందు ముందు నేను గొప్పదాన్ని అయ్యాక నా తొలినాళ్ల గురించి వెతికేవాళ్లు ఇబ్బంది పడకూడదు కదా. అందుకని నమోదు చేస్తున్నాను. పేరు స్రవంతి. వయసు ఇరవై రెండు. బీఎస్సీ మైక్రోబయాలజీ, ఫస్ట్ క్లాస్. ప్రస్తుత హోదా: అమ్మ ఫోన్‌కు ఆపరేటర్.

అమ్మ పేరు ముత్తమ్మ. మేడ్చల్‌కు, షామీర్‌పేటకు నడుమ ఉన్న మా ఊరికి ఆశా వర్కర్. ఎవరింట్లో బిడ్డ పుట్టబోతున్నా ఆ తండ్రి కంటే ముందు అమ్మకే తెలుస్తుంది. పసిపిల్లల తల్లులను బుధ, శనివారాల్లో టీకాలకు అంగన్‌వాడీకి పిలుచుకురావడం ఆమె పని. ఆమె నోటుబుక్కులో రాస్తుంది, నేను యాప్‌లో కొడతాను. జీతం: ఉప్మా.

నోటుబుక్కు చివరి పేజీలో ఎర్ర పెన్నుతో చుట్టిన పేరు ఒకటుంది. నజ్‌నీన్. మా వెనకింటి మన్నాన్ భాయ్ బిడ్డ. ఆయన ఆకుకూరల ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆ పిల్లకు పుట్టిన రోజున ఆసుపత్రిలో వేసినవి తప్ప ఇంతవరకు ఒక్క టీకా పడలేదు. యాప్‌లో ఎక్కిద్దామంటే పుట్టినప్పటి టీకాల కార్డు లేదు. కాన్పు తల్లిగారి ఊరు గాజులరామారంలో అయింది, కార్డు అక్కడే ఎక్కడో ఉందట. పుట్టిన తేదీ గడిలో అమ్మ ఇలా రాసింది: రంజాన్ తొమ్మిదో రోజా. అంటే తొమ్మిదో ఉపవాసం నాడు. మన్నాన్ భాయ్ తల్లి షహజాది బేగం ఎట్లా చెబితే అట్లా రాసుకుంది. మా ఊళ్లో సగం మంది పుట్టినరోజులు ఇంతే. మా అవ్వ బుచ్చవ్వ ఎర్రావు ఈనిన వారంలో పుట్టింది. అదే ఆమె సర్టిఫికెట్.

అమ్మ ఆ ఇంటికి తొమ్మిదిసార్లు పోయిందట. ప్రతిసారీ చాయ్ ఇచ్చారు, పిల్లను ఇవ్వలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

ఈసారి అమ్మ నన్ను కూడా లాక్కుపోయింది. సదువుకున్నదానివి, నీ మాటన్న వింటరేమో రా అని. దారిలో రూలు చెప్పింది. ఏడాది నిండకముందు పెంటా ఒక్క డోసు పడినా చాలు, మిగతా రెండూ తరువాతైనా వేస్తరు. ఒక్కటీ పడకుండ ఏడాది దాటిందంటే పెంటా ఇగ మొదలే వెట్టరు, డీపీటీ వేస్తరు. అప్పుడు కామెర్లది, మెదడువాపుది కవర్ కాదు. నిమోనియా సూది, విరేచనాల చుక్కలు కూడా ఇగ మొదలువెట్టరు అని. పెంటా అంటే ఒక్క సూదిలో అయిదు రోగాలకు టీకా అని నాకు తెలుసు. పరీక్షలో రాసి పది మార్కులు కూడా తెచ్చుకున్నాను. వయసు గడప సంగతి మాత్రం సిలబస్‌లో లేదు.

దాదీ (షహజాది బేగంను ఊరంతా దాదీ అనే అంటుంది) మంచం మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. కోడలు గుల్నాజ్ భాభీ చాయ్ తెచ్చింది. నజ్‌నీన్ మంచం కోడు పట్టుకుని నిలబడి నన్ను ఇన్‌స్పెక్టర్‌లా చూసింది. పిల్లకు ఏడాది దగ్గరవడ్డది దాదీ, ఇయాల్లన్న తీస్కరా అని అమ్మ బతిమాలింది. దాదీ తల ఎత్తకుండానే, అభీ నక్కో ముత్తమ్మా, రంజాన్ల తొమ్మిదో రోజా దాటనీ, నువ్వు పిలువకున్నా నేనే ఎత్తుకొస్త అని చెప్పింది. గింత మంకు ఎందుకు అని అమ్మ.

అప్పుడు దాదీ నా వైపు చూసి కన్ను కొట్టింది.

డెబ్బై ఏళ్ల మనిషి నాకు కన్ను ఎందుకు కొట్టాలి?

అదే రోజు, సాయంత్రం 6

గుర్తొచ్చింది.

పోయినేడు ఎండాకాలం. దాదీ మనవడు షాహబాజ్‌కు అయిదేళ్ల బూస్టర్ వేసిన మరునాడు వాడి చేయి వాచి, రెండు రోజులు జ్వరం. దాదీ అంగన్‌వాడీ ముందుకొచ్చి లొల్లి చేసింది. చంకలో నెలన్నర నజ్‌నీన్. చిన్నదానికి కూడా పొడుస్తరా, ఎన్ని సూదులు, ఎంతకని పొడుస్తరు అని. నేను గోడ మీది టీకాల చార్టు ముందు నిలబడి ఉన్నాను. చార్టులో ఏడాది లోపు గడులన్నీ కిక్కిరిసి ఉంటాయి, తరువాత పలచబడతాయి. నేను నా మామూలు గంభీరమైన మొహం పెట్టి, దాదీ, ఏడాది ఆగు, ఆ తరువాత లిస్టు సగమే, పెద్దగైతున్నకొద్ది డిస్కౌంట్ అన్నాను. అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. దాదీ కూడా నవ్వింది.

నవ్వింది, నమ్మింది.

పది నెలలుగా ఆ ముసలావిడ అమ్మను వెనక్కి పంపుతున్నది నా మాట మీద. పైగా అది మా ఇద్దరి మధ్య రహస్యం అనుకుంటోంది.

ఫిబ్రవరి 16

అమ్మకు చెప్పలేదు. చెప్పకపోవడానికి ఏడు కారణాలు రాసుకున్నాను. చదివితే ఏడూ ఒకటే కారణం.

ఫిబ్రవరి 19, గురువారం

మొదటి రోజా. మసీదు మైకులోంచి సైరన్. మన్నాన్ భాయ్ ట్రాలీ కొంపల్లికి మామూలు కంటే ముందే బయలుదేరింది. తొమ్మిదో రోజాకు ఇంకా ఎనిమిది రోజులు.

ఇవాళే మెయిల్ కూడా వచ్చింది. షామీర్‌పేట అవతల టీకాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ విభాగానికి అప్లై చేశాను కదా, నన్ను తీసుకోలేకపోతున్నందుకు విచారిస్తున్నారట. విచారించకండి. టీకాల వ్యతిరేక విభాగంలో నేను పది నెలలుగా ఫుల్‌టైం చేస్తున్నాను.

ఇక్కడి కంపెనీల నుంచి టీకాలు ఎక్కడెక్కడి పిల్లలకో విమానం ఎక్కి పోతాయి. మా వెనకింటికి రావడానికే దారి లేదు.

ఫిబ్రవరి 21, శనివారం

ధైర్యం చేశాను. దాదీ దగ్గరికి పోయి కింద కూర్చుని, దాదీ, అప్పుడు నేను అన్నది మజాక్, ఆగితే మంచిది కాదు, జల్దీ తీస్కపోండ్రి అన్నాను.

దాదీ కొత్తిమీర కట్ట పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేదు. అరే బేటీ, నువ్వు మస్తు షైతాన్ ఉన్నవ్, మీ అమ్మ వంపిందా నిన్ను, మొహం గట్ల వెట్టుకుంటే నేను నమ్ముత అనుకున్నవా అని. నేను ఒట్టు వేశాను. ఇంకా నవ్వింది. పోయినసారి నా మేకపిల్ల టీవీల వచ్చిందని కూడా ఒట్టే వేసినవ్ కదా అని గుర్తు చేసింది.

వేశాను. నిజమే. మేకపిల్ల ఎంతో అందంగా ఉంటుంది.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర గుల్నాజ్ భాభీ నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

తొమ్మిదో రోజా. ఇఫ్తార్ వేళకు దాదీ మా ఇంటికి ప్లేటు పంపింది. ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, గుగ్గిళ్లు. తెచ్చిన షాహబాజ్, చెల్లెకు సాల్ పూరా అయిందని, ఏడాది నిండిందని చెప్పమన్నది దాదీ అన్నాడు.

అమ్మ నోటుబుక్కు తీసి ఎర్ర చుట్టు మీద ఇంకో చుట్టు గీసింది. ప్లేటు ముట్టలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

అంతా వరసగా రాస్తాను. లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

దాదీ అన్నమాట నిలబెట్టుకుంది. పదింటికల్లా నజ్‌నీన్‌ను స్వెట్టర్‌లో చుట్టి తనే ఎత్తుకొచ్చింది. వెనక గుల్నాజ్ భాభీ. టీకాలు వేసే ఏఎన్ఎం సిస్టర్ పుట్టిన తేదీ అడిగింది. నిన్నటికి సాల్ పూరా అని దాదీ. అమ్మ కూడా తల ఊపింది, నోటుబుక్కులో అదే ఉంది కదా. సిస్టర్ నిట్టూర్చి, అయితే పెంటా లేదు, డీపీటీ, తట్టు సూది వేస్త అంది. మొత్తం ఎన్ని అని దాదీ. ఇయాల్టికి రెండు. నిన్నటి లోపల వస్తే? నాలుగు. దాదీ నా వైపు తిరిగి అందరి ముందు, దేఖో, ఈ పోరి మాట ఖరా అయింది అని నా నెత్తి నిమిరింది.

అమ్మ నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయను.

సిస్టర్ వ్యాక్సిన్ డబ్బాలోంచి డీపీటీ సీసా తీస్తోంది. దాదీ పిల్ల స్వెట్టర్ విప్పుతూ తనలో తాను అనుకుంటోంది. ఇది పుట్టిన్నాడు ఎండ గట్ల మండింది, కరెంట్ లేక నేను విసనకర్రతోని ఊపిన, ఈయేడు తొమ్మిదో రోజాకు ఇంక సలే పోలే, రంజాన్ యేడాదికింత సలికాలం దిక్కు జరుగుతది అని.

జరుగుతుంది!

ఫోన్ తీశాను. పోయినేటి క్యాలెండర్ తెరిచాను. పోయినేడు మొదటి రోజా మార్చి రెండు. ఈ ఏడు ఫిబ్రవరి పంతొమ్మిది. రంజాన్ నెల చంద్రుడితో నడుస్తుంది, చంద్రుడి ఏడాది పదకొండు రోజులు పొట్టి. నజ్‌నీన్ పుట్టింది మార్చి పది. ఇవాళ ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. పిల్లకు ఇంకా ఏడాది నిండలేదు. చాంద్‌కు నిండింది, టీకాల చార్టుకు నిండలేదు.

ఆపమని అరిచాను. సిస్టర్ ఆగింది. లెక్క చెప్పాను. ఆమెకు అర్థమైంది. కానీ నన్ను ఎరుగును కదా. నీ నోటి మాట మీద పెంటా వెయ్యనమ్మా, కాగితం తేపో అంది. ఆ సంగతి తేలేలోపు దాదీకి ఇంకో సంగతి తేలింది. అంటే మళ్లా నాలుగు సూదులా? అవునంటే పిల్లకు స్వెట్టర్ తొడిగి, కొంగు కప్పి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఒకపారి సగం అంటరు, ఒకపారి పూరా అంటరు, నా పిల్లతోని మజాకులా అని.

ఆ మాట నాకే.

మార్చి 1, ఆదివారం

అమ్మకు మొత్తం చెప్పాను. చార్టు, డిస్కౌంట్, కన్ను కొట్టడం.

తిట్టలేదు. బెండకాయలు కోస్తూ విన్నది. చివరికి, ఒక్కదాన్నే తొమ్మిదిసార్లు పోయిన బిడ్డా, నా మాటల ఏం తప్పున్నదో అని తొమ్మిదిసార్లు ఆలోచన జేసుకుంట ఇంటికొచ్చిన అంది. అంతే. మళ్లీ బెండకాయలు.

తిట్టు అయితే నాకు అలవాటే. ఇది అలవాటు లేదు.

మార్చి 3

హోలీ ఇవాళా రేపా అని మా గల్లీ రెండు పార్టీలు. సాయంత్రం చంద్రగ్రహణం అట, బుచ్చవ్వ పొద్దుటి నుంచే అన్నం కుండ మీద గరిక వేసి కూర్చుంది. అందరి తేదీలూ చంద్రుడి చేతిలోనే ఉన్నాయి. అమ్మ నాతో ఇంకా మాట్లాడటం లేదు.

మార్చి 4, బుధవారం

రేపా ఇవాళా అన్న గొడవలో ఇవాళ టీకాల సెషన్ పెట్టలేదు. ఇక పదో తారీఖు లోపల మిగిలింది ఒకే ఒక్క శనివారం, ఏడో తారీఖు.

పొద్దున్నే మన్నాన్ భాయ్ హారన్ కొట్టాడు. గుల్నాజ్ చెప్పింది, గాజులరామారం పోదాం ఎక్కు అని. భాభీ నిన్ననే వాళ్లమ్మకు ఫోన్ చేసి కార్డు వెతికించిందట. నేను ఊరంతటికీ ఉపన్యాసాలు ఇస్తుంటే ఆమె ఒక్క ఫోన్ చేసింది.

కొత్తిమీర, పాలకూర, మెంతికూర మధ్య నేను. కొంపల్లిలో సరుకు దింపేసరికి నా ఒళ్లంతా పప్పు వాసన. దారిలో మన్నాన్ భాయ్ ఎక్కువ మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, అమ్మీకి నువ్వంటే ఇష్టం, అందుకే నమ్మింది, ముత్తమ్మక్కది నౌకరీ మాట అనుకున్నది, నీది ఇంటి మాట అనుకున్నది అన్నాడు.

కార్డు బియ్యం డ్రమ్ములో, కవర్లో చుట్టి ఉంది. పురుగు పట్టకుండా వేపాకు కూడా పెట్టారు. మార్చి 10, పొద్దున 6.20. ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు.

కార్డును గుండెలకు ఆనించుకుని వచ్చాను. మన్నాన్ భాయ్ చూడనట్టు నటించాడు.

మార్చి 5, గురువారం

దాదీ ముందు కార్డు పెట్టాను. ఆమె దాన్ని ముట్టలేదు. చాంద్ చూసి రోజా పట్టినం, చాంద్ చూసి పండుగ జేస్తం, నా పిల్ల వయసు ఒక్కటి మీ గోడ క్యాలెండర్ ఎందుకు చెప్పాలె అని అడిగింది.

మంచి ప్రశ్న. ఇంటర్వ్యూలో కూడా ఎవరూ నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు. దాదీ, నీ చాంద్ లెక్క తప్పని నేననను, కానీ సూది గోడ క్యాలెండరే చూస్తది, ఆ నడుమ పదకొండు రోజులు ఉన్నయి చూడు, అవి చాంద్ నజ్‌నీన్‌కు ఇచ్చిన ఇనాం, అందులో ఆరు అయిపోయినయి అన్నాను.

దాదీ కార్డు వైపు చూసింది. మరి సగం అని ఎందుకన్నవ్ బేటీ అని అడిగింది. మామూలుగానే అడిగింది. తిట్టినట్టు లేదు. అందుకే తప్పించుకోలేకపోయాను. నవ్వించనీకి అన్న అని చెప్పాను. లిస్టు చిన్నగైతది, నిజమే, పిల్ల పెద్దగైనకొద్ది కొన్ని టీకాలు మొదలువెట్టే టైం దాటిపోతది, అందుకే చిన్నగైతది, రోగాల లిస్టు మాత్రం గంతే ఉంటది అన్నాను. నేను డిస్కౌంట్ అన్నది దాన్నే.

అప్పుడు దాదీ తన రెండు చేతులు చూపించింది. కొత్తిమీర మట్టి అంటుకుని ఉన్నాయి. షాహబాజ్‌ను గట్టిగ పట్టుకున్నది గీ చేతులే, సూది గుచ్చేటప్పుడు వాడు డాక్టర్‌ను చూడలే, నా మొహం చూసుకుంట ఏడ్చిండు, నువ్వే పట్టుకున్నవ్ కదా దాదీ అన్నట్టు చూసిండు, లెక్కలు నువ్వు జెప్తవ్, పట్టుకునేదెవరు అంది.

నేను పట్టుకుంట అన్నాను.

ఆమె నా మొహంలో జోకు కోసం వెతికింది. చాలా ఓపికగా వెతికింది.

వంటింటి గుమ్మంలోంచి గుల్నాజ్ భాభీ, అమ్మీ, శనివారం పిల్లను నేను తీస్కపోత అని చెప్పింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత స్పష్టంగా వినడం నాకిదే మొదలు. దాదీ హౌ అని ఒప్పుకోలేదు. నక్కో అని వద్దనలేదు.

మార్చి 7, శనివారం

పదిన్నర. రాలేదు. పదకొండు. రాలేదు. సిస్టర్ మిగతా పిల్లలకు వేసేసింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, నన్ను పిలుచుకురమ్మని కూడా అనలేదు. పన్నెండున్నరకు సిస్టర్ డబ్బా మూత పెట్టబోతూ, ఇంకో పదిహేను నిమిషాలు, తరువాత నేను పోవాలె అంది.

పన్నెండు నలభైకి ఎండలో మూడు నీడలు. గుల్నాజ్ భాభీ, గొడుగు పట్టుకుని దాదీ, ఆమె భుజం మీద నిద్రపోతున్న నజ్‌నీన్. ఇంతసేపు పిల్లను పడుకోబెట్టే ప్రయత్నంలోనే ఉన్నారట. నిద్రలో అయితే తెలువదేమో అని దాదీ ఆలోచన. మైక్రోబయాలజీ దీన్ని ఖండిస్తుంది. నేను ఖండించలేదు.

దాదీ పిల్లను నేరుగా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మాట ఇచ్చినవ్ అంది. గోడ వైపు తిరిగి తస్బీ తీసి పూసలు తిప్పుతూ జపం మొదలుపెట్టింది.

మొదట చుక్కలు. నిద్ర లేచింది, తియ్యగా ఉందనుకుంది, నన్ను చూసి నవ్వింది. రెండు పళ్లు. ఆ నవ్వు అలా ఉండగానే ఎడమ తొడ. పెంటా. నవ్వు ఒక్క క్షణం అలాగే ఉండి, తరువాత విరిగింది. నేను గట్టిగా పట్టుకున్నాను. కుడి తొడ. కుడి చేయి. ఎడమ చేయి. నాలుగుసార్లూ అది సిస్టర్‌ను చూడలేదు. నన్నే చూసింది. దాదీ చెప్పింది అక్షరాలా నిజం.

జోకు కోసం నాలుక కింద వెతికాను. లేదు.

తరువాత గుల్నాజ్ భాభీ పాలు పట్టింది. అరగంట కూర్చోబెట్టారు. సిస్టర్ కార్డు మీద తేదీలు రాసింది. రెండో డోసు ఏప్రిల్ 4, తరువాత మే 2. ఇగ ఏడాది దాటినా పర్వాలేదు, మొదలైంది కదా అంది. జ్వరం వస్తే సిరప్ ఎంత వెయ్యాలో రెండుసార్లు చెప్పింది. దాదీ మూడోసారి కూడా చెప్పించుకుంది.

ఇంటికి వస్తుంటే అమ్మ వారం తరువాత నాతో మాట్లాడింది. చేతులు కడుక్కో అంది.

మార్చి 8

జ్వరం వచ్చిందట, పొద్దుటికి తగ్గిందట. నజ్‌నీన్‌కు. నాకు ఇంకా ఉంది.

మార్చి 10, మంగళవారం, పొద్దున 6.20

గోడ క్యాలెండర్ ప్రకారం ఏడాది నిండింది. ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఫోన్‌లో యాప్ తెరిచి నజ్‌నీన్ వివరాలు ఎక్కించాను. పుట్టిన తేదీ, మొదటి డోసు తేదీ. ఆకుపచ్చ టిక్కు పడింది. అమ్మ నోటుబుక్కులో రంజాన్ తొమ్మిదో రోజా అన్న మాట కొట్టెయ్యబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. అది గూడ ఉండనీ అంది.

షవ్వాల్ 15 (గోడ క్యాలెండర్‌కు ఏప్రిల్ 4), శనివారం

రెండో డోసు. అంగన్‌వాడీ గుమ్మంలో నన్ను చూడగానే నజ్‌నీన్ ఏడుపు మొదలుపెట్టింది. సూది ఇంకా డబ్బాలోనే ఉంది. మా ఊళ్లో నన్ను సీరియస్‌గా తీసుకున్న మొదటి మనిషి.